సన్నబడిన తీగ

నాలుగో రోజు పొద్దున కూడా ఆ తీగ వంటింటి బల్ల మీదే ఉంది.

ఆదివారం భోజనాల దగ్గర వెర్లిన్ దాన్ని చొక్కా జేబులోంచి తీసి, కాఫీ సాసరులో పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బంగాళాదుంపల గిన్నె తన ముందుకు జరుపుకున్నాడు. అప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సాసరు చుట్టూ పళ్ళాలు సర్దుకుని తింటున్నారు. జానెడు ప్లాటినం తీగ. ఒక కొస పెన్సిల్ ములుకంత లావు. యాసిడ్‌లో మునిగిన రెండో కొస తల వెంట్రుకంత సన్నం.

మార్లిస్ హౌగెన్ కాఫీ పోసుకుంటూ గడియారం చూసింది. ఆరున్నర. సాయంత్రం నాలుగింటికి, అంటే వాషింగ్టన్‌లో ఐదింటికి, నిధులు అడిగే ప్రతిపాదన వెళ్ళిపోవాలి. నిమిషం దాటినా అక్కడి కంప్యూటరు తీసుకోదు. వెళ్ళకపోతే ఆమె ఎనిమిదేళ్ళుగా నడుపుతున్న పరిశోధన కేంద్రం ఆగస్టు ఆఖరుకి మూతపడుతుంది. మూడు విశ్వవిద్యాలయాలు, ఒక ప్రభుత్వ ప్రయోగశాల కలిసి నడిపే కేంద్రం అది. ముప్పై ఒక్కమంది విద్యార్థుల జీతాలు దాని మీదే.

వెళ్ళినా, మూడో పేజీలో ఉన్న బొమ్మ, ఫలితాల గ్రాఫు, తప్పయితే?

నీళ్ళలోంచి హైడ్రోజన్ తీయడంలో ప్లాటినాన్ని మించింది లేదు. కానీ అది దొరికేదే కొంచెం. నికెల్‌తో చేసిన చవక పొడి దాదాపు ప్లాటినంతో సమానంగా పనిచేస్తోందని అల్లుడు కోల్బీ రెండేళ్ళ క్రితం చూపించాడు. గంటలు గడిచేకొద్దీ ఆ పొడి ఇంకా మెరుగవుతోంది. అందరూ ఆ మెరుగు చూసి మురిసిపోయారు. యాసిడ్‌లో పొడికి ఎదురుగా, కరెంటు తిరిగి వెళ్ళే రెండో ఎలక్ట్రోడ్‌గా ఏం పెట్టారని ఎవరూ అడగలేదు.

పెట్టింది ఈ తీగ. ఇది సన్నబడిందంటే ఇందులోని ప్లాటినం కరిగి ఎక్కడో చేరింది. ఆ చేరింది పొడి మీదే అయితే, పని చేసింది పొడి కాదు.

బ్రిట్ తడి జుట్టుతో మెట్లు దిగింది. ఇల్లు మారే తీరిక దొరికేదాకా అని శరదృతువులో మొగుడితో పుట్టింటి మేడ గదిలో దిగిన పిల్ల, మార్చి వచ్చినా అక్కడే ఉంది. సాసరు చూసి, దాని మీద ఖాళీ కప్పు బోర్లించింది.

“ఇంకెన్నాళ్ళు నాన్నా ఈ ప్రదర్శన?”

వెర్లిన్ పెనం మీద గుడ్లు తిప్పుతున్నాడు. విశ్వవిద్యాలయం నేలమాళిగలో ముప్పై ఏళ్ళుగా గాజు ఊది ప్రయోగాల పాత్రలు చేస్తున్న మనిషి. ఆ చేతులకి తొందర తెలీదు.

“ఎవరైనా తీస్తారేమోనని చూస్తున్నా.”

“పెట్టింది నువ్వు. తీయాల్సిందీ నువ్వే.”

“నా పని గాజు. తీగ సంగతి చదువుకున్నవాళ్ళు చూసుకోవాలి.”

మాట వెళ్ళి ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. మార్లిస్ కప్పు పక్కకి జరిపింది.

కోల్బీ తెల్లవారకముందే ప్రయోగశాలకి వెళ్ళిపోయాడని, మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదని బ్రిట్ చెప్పింది. వచ్చే సోమవారం ఆరెగాన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని అందరికీ తెలిసిందే మళ్ళీ చెప్పింది. వాళ్ళు పిలిచిందే ఆ బొమ్మ చూసి. ఏదైనా అనుమానం ఉంటే పక్కకి పిలిచి చెప్పాలిగాని, తింటున్న అల్లుడి పళ్ళెం ముందు పెట్టడం ఏం మర్యాద?

“ఎవరి ముందు పెట్టాలో నాకు తెలీలేదమ్మా,” అన్నాడు వెర్లిన్.

“నిన్న కొత్త గాజు పాత్ర తీసుకెళ్ళడానికొస్తే చీటీ మొత్తం పైకి చదివించావట. చిన్నపిల్లాడిచేత చదివించినట్టు.”

“అందరిచేతా చదివిస్తా. పాత్రకి ఏం చేశానో చదవాలి, కింద సంతకం పెట్టాలి, అప్పుడే పట్టుకెళ్ళాలి. మీ అమ్మ డీన్‌ని తీసుకొచ్చినా అంతే.”

“అల్లుడు కదా నాన్నా.”

“అల్లుడు చదవలేడా?”

మార్లిస్ కప్పు సింకులో పెట్టింది. ముప్పై ఏళ్ళ క్రితం, కొత్తగా కాపురం పెట్టినప్పుడు, ఆమే ఓ కట్టుబాటు పెట్టింది: ప్రయోగశాల మాటలు గరాజ్ తలుపు దగ్గరే ఆగిపోవాలి. ఇద్దరికీ జీతమిచ్చే చోటు ఒక్కటే. ఇల్లయినా ఇల్లులా ఉండాలనుకుంది. వెర్లిన్ దాన్ని ఒక్కసారి కూడా దాటలేదు, మొన్న ఆదివారం దాకా.

“గ్రాఫైట్ కడ్డీ పెట్టి మళ్ళీ చేస్తున్నాడు. రెండింటికి తేలుతుంది,” అంది. “అప్పటిదాకా ఎవరూ ఏమీ అనుకోవద్దు.”

“నాలుగు రోజులుగా ఎవరూ ఏమీ అనుకోవట్లేదుగా,” అన్నాడు వెర్లిన్, గుడ్లు ఆమె పళ్ళెంలో వేస్తూ.

ఆమె తినకుండానే బయల్దేరింది. కారు అద్దం మీది మంచు గీకుతుంటే ఇంట్లో తండ్రీకూతుళ్ళ గొంతులు వినిపించాయి.

*

పదింటికల్లా గ్రాంట్ల ఆఫీసు డొరీన్, మంచు బూట్లతోనే గదిలోకి వచ్చేసింది. నూటనాలుగు పేజీలూ సిద్ధం. భాగస్వాముల ఉత్తరాలు, సంతకాలు, అన్నీ. మధ్యాహ్నానికి పంపేస్తే తన ప్రాణానికి హాయి అంది. ఆఖరి గంటలో దేశమంతా ఒకేసారి ఆ కంప్యూటరు మీద పడుతుంది.

మూడింటిదాకా ఆగమంది మార్లిస్.

డొరీన్ కళ్ళజోడు తీసింది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్కటీ ఆలస్యం కాలేదు. “ఏ పేజీ?”

“మూడు. బొమ్మ తీయాల్సి రావచ్చు.”

“అది తీస్తే ఏం మిగులుతుందండీ? మొదటి లైనులో ఉన్నది అదేగా.”

“అదే చూస్తున్నా.”

“చూడండి. నేను వెళ్ళి బీపీ మాత్ర వేసుకొస్తా,” అంటూ డొరీన్ వెళ్ళిపోయింది. గుమ్మంలో రెండు తడి మరకలు మిగిలాయి.

హోల్డెన్ గ్రేడీ ఫోను పన్నెండింటికి వచ్చింది. పక్క రాష్ట్రంలో ఉండే సహ డైరెక్టరు. కోల్బీ ఈ ఇంటి అల్లుడయ్యాక, రూలు ప్రకారం అతని పనికి పెద్ద గ్రేడీయే. ఆయన చాలాసేపు మెత్తగానే మాట్లాడాడు. తన దగ్గర తొమ్మిదిమంది విద్యార్థులున్నారన్నాడు. వాళ్ళలో ఒకమ్మాయికి ఇంకో ఏడాది చాలు, పట్టా చేతికొస్తుందన్నాడు. పోయినసారి అర్జీల్లో నాలుగింట ఒకటే గట్టెక్కిందని గుర్తుచేశాడు. బొమ్మ ఉంచి, కింద ‘ప్రాథమిక ఫలితం’ అని ఒక్క మాట చేరిస్తే చాలన్నాడు.

“ఇది అబద్ధం కాదు మార్లిస్. ఇంకా తేలని సంగతి. తేల్చడానికేగా డబ్బు అడుగుతున్నాం.”

“రెండు గంటల్లో తేలిపోతుంది హోల్డెన్.”

“అయితే నాలుగు దాటాక తేల్చు.”

ఆమె తెర మీద మూడో పేజీ తెరిచింది. చివరికి గ్రేడీయే, ఇంత అలసిపోయి తనెప్పుడూ లేనని, ఏం చేసినా త్వరగా చెయ్యమని అన్నాడు.

మార్లిస్ కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఇలాంటి ప్రతిపాదనలు ఎన్ని రాసింది తను? నాలుగేళ్ళకోసారి కేంద్రం బతకాలా వద్దా అని పదిమంది ఎక్కడో హోటల్ గదిలో కూర్చుని చెప్తారు. వాళ్ళకోసం ఆర్నెల్లు రాయడం, ఆర్నెల్లు ఎదురుచూడటం. మిగిలిన మూడేళ్ళలో సైన్సు ఎంత, చీటీల మీద సంతకాలెంత?

ఫోను తీసి వాషింగ్టన్‌లో తమ కేంద్రాన్ని చూసే అధికారి లెనోర్ విట్‌కి సందేశం పెట్టింది. పోయినేడాది నివేదికలో ఇచ్చిన ఒక ఫలితం గురించి మాట్లాడాలి, వీలైనప్పుడు ఫోన్ చెయ్యండి. ఆ నివేదికలోనూ ఉన్నది ఇదే బొమ్మ.

పంపాక గమనించింది. రెండు కాకముందే తను తేల్చేసుకుంది.

*

ప్రయోగశాలలో కోల్బీ ఒక్కడే ఉన్నాడు. ఇంట్లో అతను ఆమెని పేరుతో పిలుస్తాడు, ఇక్కడ డాక్టర్ హౌగెన్ అంటాడు. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ కలిసి నవ్వుకుంటూ చేసుకున్న ఏర్పాటది.

బల్ల మీద వెర్లిన్ కొత్తగా చేసిన పాత్ర. రెండు అరలు, మధ్యలో సన్నటి రంధ్రాల గాజు బిళ్ళ. ఒక అరలో పొడి, రెండో అరలో నల్లటి గ్రాఫైట్ కడ్డీ. ఎవరూ అడక్కుండానే సోమవారమంతా కూర్చుని చేశాడు.

తెర మీద రెండు గీతలున్నాయి. పాత గీత మెట్లెక్కినట్టు పైకి పోతోంది. కొత్తది మొదలైన చోటే పడుకుంది.

“ఎన్ని గంటలు?”

“ఎనిమిది, డాక్టర్ హౌగెన్. పెరగలేదు. కొంచెం తగ్గింది కూడా.”

ఆమె స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ తెర వైపే చూశారు. ఇంకో గంట చూద్దామని అతను అన్నాడు. చూసినా ఇంతేనని ఆమె అంది. అతను తలూపాడు.

“బొమ్మ తీసేస్తున్నారా?”

“తీసేస్తున్నా.”

అతను సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. “గ్రాఫైట్ కడ్డీలు రావడం ఆలస్యమైంది. తీగ చేతికందింది, పెట్టేశాను. అప్పుడు అందరూ అదే పెట్టేవాళ్ళు. అది కరుగుతోందని నాకు తెలీదు.”

“తెలిసి చేశావని ఎవరూ అనలేదు కోల్బీ.”

“మీ ఇంట్లో సాసరు అంటోంది.”

ఆమెకి నవ్వొచ్చినంత పనైంది. ఈ తప్పు తన వయసువాళ్ళు కూడా చేశారని, చేసి సరిదిద్దుకున్నవాళ్ళు తనకి తెలుసని చెప్పింది. అతను నీళ్ళ కింద చేతులు పెట్టుకుని వింటూనే ఉన్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి.

“సోమవారం వెళ్ళనా?”

“వెళ్ళు. ఆ బొమ్మ లేకుండా వెళ్ళు. ఇవాళ ఈ రెండు గీతలూ గీశావే, అవి చూపించు.”

“అవి చూసి ఎవరిస్తారు ఉద్యోగం?”

ఆమె అతని భుజం తట్టి, పై అంతస్తులోని తన గదికి వెళ్ళింది.

మూడో పేజీ తిరగరాయడానికి నలభై నిమిషాలు పట్టింది. గొప్పగా ఏమీ రాయలేదు. ఇన్నాళ్ళూ తాము చూసిన మెరుగు ప్లాటినంది అయి ఉండవచ్చని, రెండో ఎలక్ట్రోడ్ నుంచి కరిగిన లోహం పొడి మీదికి ఎలా చేరుతుందో తెలుసుకోవడమే మొదటి పని అవుతుందని రాసింది. చదువుకుంటే తనకే పేలవంగా అనిపించింది. ఉన్నదున్నట్టుగా మాత్రం ఉంది.

డొరీన్ పేజీల అంకెలు సరిచేసి, మూడూ నలభై తొమ్మిదికి మీట నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

“వెళ్ళింది,” అంది డొరీన్. చప్పట్లు లేవు. పోయినసారి కేకు కోశారు.

*

నాలుగూ పదికి వెర్లిన్ వచ్చాడు. నేలమాళిగ దాటి ఈ అంతస్తుకి అతను రావడం ఆమెకి గుర్తున్నంతలో మూడోసారి. అప్రాను విప్పలేదు. చేతిలో పసుపు కాగితం.

“బొమ్మ తీసేశావటగా. డొరీన్ చెప్పింది.”

“తీసేశా.”

అతను తలుపు మూసి, నిలబడే కాగితం ఆమె ముందుకి చాపాడు. అతని షాపు చీటీల పుస్తకంలోంచి చించిన నకలు. పోయినేడాది జనవరి పదిహేడు. పద్నాలుగు నెలల కిందటిది. అతని అక్షరాలు, పలక మీద రాసినట్టు పెద్దవి:

‘కోల్బీ గారి బల్ల మీది రెండో పాత్ర. మెడ పగులు అతికాను. ప్లాటినం తీగ మూడోవంతు సన్నబడింది. యాసిడ్ తింటోందా? ఇది ఇలాగే ఉండాలా?’

దాని కింద, డైరెక్టరు ఆమోదం అన్నచోట, ఆమె సంతకం. గుండ్రటి ‘ఎం’తో, తొందరలో సాగిపోయిన గీత.

మార్లిస్ రెండుసార్లు చదివింది.

“ఇది నాకెప్పుడిచ్చావు?”

“శుక్రవారం పెట్టెలో వేశా. సంతకమై తిరిగొచ్చింది.”

శుక్రవారం పెట్టె. వారం చీటీలన్నీ ఒకేసారి వస్తాయి, ముప్పై, నలభై. ఫోను చెవిన పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతూ సంతకాలు పెట్టేస్తుంది. ఎనిమిదేళ్ళలో ఒక్క చీటీ కూడా చదివిన గుర్తు లేదు.

“నేను చదవలేదు వెర్లిన్.”

“ఇవాళ తెలిసింది. నువ్వు బొమ్మ తీశాక.”

ఆమె కాగితం మీంచి తలెత్తింది.

“అంటే ఇన్నాళ్ళూ... నాకు తెలిసే దాస్తున్నాననుకున్నావా?”

అతను కిటికీలోంచి పార్కింగు వైపు చూశాడు. “మొదట్లో నీ లెక్కేదో నీకుందనుకున్నా. నేను గాజు ఊదేవాణ్ణి, నువ్వు డాక్టరువి. ఆ తర్వాత అడగడానికి భయమేసింది. పోయిన వారం ఇంకో పాత్ర బాగుకొచ్చింది, తీగ వెంట్రుకలా ఉంది. ఆదివారం నువ్వు ఆ బొమ్మ గురించి అంత సంతోషంగా చెప్తుంటే ఇక నా వల్ల కాలేదు.”

“ఇంట్లో ఒక్కమాట అడిగితే సరిపోయేది.”

“గరాజ్ తలుపు దగ్గర ఆగాలన్నావుగా.”

పద్నాలుగు నెలలు. తన పెళ్ళాం మోసం చేస్తోందని నమ్ముతూ, ఆమెకి రోజూ గుడ్లు వేసిపెట్టాడు. ఆమె కారు అద్దం మీద మంచు గీకాడు. కూతురి పుట్టినరోజుకి ఆమె పక్కన నిలబడి ఫొటో దిగాడు. మార్లిస్‌కి కోపం రావాలి. వచ్చేంత ఓపిక ఆమె ఒంట్లో లేదు.

ఫోను మోగింది. వాషింగ్టన్ నంబరు.

వెర్లిన్ వెళ్ళబోయాడు. ఉండమని ఆమె చేత్తో సైగచేసి, స్పీకరు నొక్కింది. చీటీ ఒక అంచు ఆమె వేళ్ళ మధ్య ఉంది, ఇంకో అంచు అతను ఇంకా వదల్లేదు.

లెనోర్ విట్ మర్యాదగా పలకరించింది. మార్లిస్ చెప్పాల్సినదంతా చెప్పింది. పాత ఫలితం, తీగ, ఇవాళ్టి ప్రయోగం, మూడో పేజీ. అవతల కీబోర్డు చప్పుడు ఆగకుండా వినిపించింది.

“చెప్పినందుకు థాంక్స్, డాక్టర్ హౌగెన్. ఒకటి అడగాలి. ఇది నేను పైకి రాయాల్సి ఉంటుంది. మీ కేంద్రానికి ఈ విషయం మొదట తెలిసిందెప్పుడు?”

ఆదివారం. ఆ మాట నోటిదాకా వచ్చింది. అబద్ధమూ కాదు. ఈ పసుపు నకలు ఉందని ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. వాళ్ళిద్దరూ ఈ గదిలోనే ఉన్నారు. వెర్లిన్ ఆమె వైపు చూడటం లేదు. ఆదివారం చూడనట్టే.

“నాకు తెలిసింది మొన్న ఆదివారం,” అంది మార్లిస్. “కానీ తీగ కరుగుతోందని రాసిన చీటీ ఒకటుంది. పోయినేడాది జనవరి పదిహేడు. దాని మీద నా సంతకం ఉంది. చదవకుండా పెట్టాను.”

కీబోర్డు ఆగింది.

వెర్లిన్ ఆమె వైపు తిరిగాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అతను తన కళ్ళలోకి చూశాడని ఆమెకి అనిపించింది. అందులో ఊరట ఉంది. ఊరటే అయితే, ఆ చెయ్యి ఎందుకు బిగుసుకుంది?

“అది కాపీ చేసి ఇవాళే పంపండి,” అంది లెనోర్ నెమ్మదిగా. “ఆ చీటీ చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? దాని మీద ఎన్ని సంతకాలున్నాయి?”

“రాసింది మా గాజు పనివాడు, నా భర్త. ఆమోదించింది నేను. ఇక...”

ఆమె ఆగింది. వెర్లిన్ షాపు చీటీలో సంతకాలకి మూడు గీతలుంటాయి. మూడోది అట్టడుగున. పాత్ర పట్టుకెళ్ళేవాళ్ళు చీటీ మొత్తం పైకి చదివి, అక్కడ సంతకం పెట్టాలి. డీన్ అయినా. నాకు తెలీదన్న అల్లుడైనా.

కాగితం తన వైపు లాగింది. రాలేదు. వెర్లిన్ బొటనవేలు, ముప్పై ఏళ్ళ కాలిన మచ్చల బొటనవేలు, కింది మూల మీద ఆనించి ఉంది. గదిలోకి వచ్చినప్పుడూ అక్కడే ఉంది. ఇంతసేపూ అక్కడే ఉంది.

“డాక్టర్ హౌగెన్, లైన్‌లో ఉన్నారా?”

“ఉన్నాను,” అంది మార్లిస్.

తర్వాత ఫోనుకి దూరంగా, ముప్పై ఏళ్ళుగా ఇంట్లో మాత్రమే వాడిన గొంతుతో అంది.

“వేలు తియ్యి, వెర్లిన్.”